సోలార్ ఛార్జర్ కొనండి, కాపురం నిలుపుకోండి!

సూర్యుడు ఇన్ని కోట్ల ఏళ్లుగా దాదాపు వృథాగానే వెలుగుతున్నాడు. పంటలు పండించాడు, ఒడియాలు ఎండబెట్టాడు, కాదనడం లేదు. కానీ మొన్నమొన్నటిదాకా ఆయన చేత ఒక్క సెల్‌ఫోనైనా ఛార్జ్ చేయించగలిగామా? లేదు!

ఆ లోటు తీర్చడానికే మడతపెట్టి సంచిలో వేసుకునే సోలార్ ఛార్జర్ పుట్టింది. అది ఫోన్‌ని నిజంగా ఛార్జ్ చేస్తుందా అంటారా? అంత చిల్లర ప్రశ్నలు వేసేవాళ్లు ఈ కాలమ్ ఇక్కడితో ఆపి, గోడకున్న ప్లగ్గు దగ్గరికి వెళ్లిపోవచ్చు. ఈ వస్తువు చేసే మేలు వేరు. మగవాడికి జీవితంలో ఒక లక్ష్యం ఇస్తుంది. ఓర్పు నేర్పుతుంది. ఎండలో నడిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, భార్యాభర్తల్ని కలుపుతుంది.

నమ్మకం కుదరడం లేదా? అయితే కెనడాలో, మిస్సిసాగాలో ఉంటున్న ఎలియాజరు సంగతి వినండి.

ఎలియాజరుది బాపట్ల దగ్గర ఊరు. మిస్సిసాగాలో చేసేది మందుల కంపెనీ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం. ఆయన సంతకం పడందే ఒక్క మాత్ర కూడా గేటు దాటదు. ఏళ్ల తరబడి అదే పని చేయడంతో, ఏ వస్తువునైనా అనుమానించి, పరీక్షించి, పరీక్షను కూడా అనుమానించి గానీ ముట్టుకోని గుణం అబ్బింది. ఇంట్లో పెరుగు డబ్బా తీస్తే ముందు తేదీ చూస్తాడు, తర్వాత వాసన చూస్తాడు, ఆ తర్వాత మళ్లీ తేదీ చూస్తాడు. ఈలోగా అన్నం చల్లారిపోతుంది.

భార్య మార్తా వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. ఆమెది సాయంత్రం షిఫ్టు. ఈయన ఇంటికొచ్చేసరికి ఆమె వెళ్లిపోయి ఉంటుంది. ఆమె వచ్చేసరికి ఈయన గురక పెడుతుంటాడు. అందువల్ల కాపురమంతా వాట్సాప్‌లో సాఫీగా నడిచిపోతోంది. 'పప్పు స్టవ్ మీదుంది' అని ఆమె. 'తిన్నా' అని ఈయన. 'రేపు చెత్త బయట పెట్టాలి' అని ఆమె. దానికి ఈయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి. గొడవలు లేవు. గొడవ పడాలన్నా ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా!

చలికాలంలోనే, బయట మంచు ఇంకా గుట్టలుగా ఉండగానే, మార్తా ఒక పని చేసింది. ఉత్తరాన అడవిలో, సరస్సు ఒడ్డున, ప్రావిన్షియల్ పార్క్‌లో క్యాంప్‌సైట్ బుక్ చేసేసింది. తర్వాత ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెప్పింది.

"జూన్ చివర్లో మూడు రోజులు లీవు దొరికిందండీ. టెంట్ మన చర్చి గ్లోరియా వాళ్లది అడిగి తెచ్చుకుందాం. మీరు, నేను, మన జెస్లిన్. ఇంకెవర్నీ పిలవొద్దు."

"అక్కడ కరెంటుంటుందా?" అన్నాడు ఎలియాజరు.

"ఉండదు. కరెంటు లేనిదే చూసి బుక్ చేశా."

"మరి ఫోన్లు?"

"వాటికీ లీవు ఇచ్చేద్దాం."

"ఎమర్జెన్సీ వస్తే?"

"ఏం ఎమర్జెన్సీ?"

"అది వస్తేగానీ తెలీదు కదా!"

పైకి అలా అన్నాడు గానీ ఎలియాజరు లోపల వణికిపోయాడు. ఎలుగుబంట్లకి కాదు. ఎలుగుబంటి వస్తే ఏం చేయాలో పార్క్ వాళ్లు బోర్డు మీద రాసి పెడతారు. మూడు రోజులు ఖాళీ చేతులతో భార్య ఎదురుగా కూర్చుంటే ఏం చేయాలో ఎవరు రాసి పెట్టారు? మార్తాతో టైప్ చేయకుండా మాట్లాడి ఎంత కాలమైందో ఆయనకే గుర్తులేదు. మాట తప్పు దొర్లితే చెరిపేయడానికి కూడా ఉండదు!

చదువరులారా, సోలార్ ఛార్జర్ మహిమ ఇక్కడే మొదలవుతుంది. మిగతా వస్తువులు కొన్నాక ఉపయోగపడతాయి. ఇది కొనకముందే ఉపయోగపడుతుంది! ఆ వారం నుంచి ఎలియాజరుకి దిగులు పోయింది. పని దొరికింది. ఛార్జర్ ఎంచుకోవాలి.

ఎంచుకోవడమంటే మాటలా? నాలుగు రెక్కలుగా విచ్చుకునేవి ఉన్నాయి. మూడు రెక్కలవి ఉన్నాయి. పవర్ బ్యాంక్ వీపు మీద అగ్గిపెట్టెంత ప్యానెల్ అంటించినవి ఉన్నాయి, అవి నిండాలంటే ఎండలో ఒక వారం పెట్టి ఉపవాసం ఉండాలి. ఇరవై ఎనిమిది వాట్లు అని అట్ట మీద రాసినది నిజానికి పద్దెనిమిదే ఇస్తుందట, అదీ ఎడారిలో, మిట్టమధ్యాహ్నం, మబ్బు అనే మాట ఎవరూ పలకకుండా ఉంటే!

ఇక రివ్యూలు! 'పర్వతాల్లో నా ప్రాణం కాపాడింది' అని ఒకాయన ఐదు స్టార్లిచ్చాడు. 'అట్టపెట్టె మూల నలిగి వచ్చింది' అని ఇంకొకాయన ఒక్క స్టారుతో సరిపెట్టాడు. 'ఇంకా తెరవలేదు, రంగు మాత్రం ముచ్చటగా ఉంది' అని ఒకావిడ మళ్లీ ఐదు. వీడియోల్లో గడ్డం పెంచుకున్న ఒక కుర్రాడు అడవుల్లో బతకడం గురించి గంటసేపు గంభీరంగా బోధించాడు. వెనకాల వాషింగ్ మెషీన్ తిరుగుతోంది.

ఎలియాజరు అన్నీ చదివాడు. మాత్రలను పరీక్షించినంత శ్రద్ధగా చదివాడు. మంచు కరిగింది, చెట్లు చిగిర్చాయి, ఆయన మాత్రం తల ఎత్తలేదు. మార్తాకి ఆఫ్ ఉన్న రోజున అన్నాల దగ్గర వాట్లకీ మిల్లీయాంపియర్లకీ తేడా చెప్పడం మొదలుపెట్టి, ఆమె మజ్జిగలోకి వచ్చేదాకా చెప్పాడు.

"మీరు నాతో ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో!" అంది మార్తా.

చూశారా? కాపురాలు ఇలా బాగుపడతాయి! ఆ మాట ఆమె ఏ అర్థంతో అందో మాత్రం ఎలియాజరుకి తట్టలేదు. ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకున్నాడు.

అయినా మనసు ఒక చోట నిలవక, విండ్సర్‌లో ఉన్న రాఘవులుకి ఫోన్ చేశాడు. కెనడా వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకే బేస్‌మెంట్‌లో అద్దెకున్నారు. రాఘవులు కార్ల ప్లాంట్‌లో పనిచేస్తాడు, పోయినేడే ఇలాంటి ఛార్జర్ ఒకటి కొన్నాడు.

"ఎలా పనిచేస్తోంది రాఘవులు గారూ? నిజం చెప్పండి."

"చాలా బాగుంది ఎలియాజరు గారూ! మా శాంతమ్మ దానిమీద గుమ్మడి ఒడియాలు పెడుతోంది. నల్లగా ఉంటుంది కదా, వేడి పట్టేస్తుంది. ఒక్క పూటలో గలగలలాడిపోతున్నాయి."

"అది కాదండీ, ఫోన్?"

"ఫోనా? ఫోన్ కిచెన్లో ప్లగ్గుకి పెట్టుకుంటామండీ."

ఎలియాజరు ఈ సమాచారాన్ని కూడా అనుమానించాడు. ఒడియాలకి పనికొచ్చినది ఫోన్‌కి పనికొస్తుందని రుజువేముంది?

చివరికి పోటీలో రెండే మిగిలాయి. ఒకటి ఇరవై వాట్లది, తేలిక. రెండోది ఇరవై ఎనిమిది వాట్లది, బరువు. అక్కడ మాత్రం ఎలియాజరుకి తల ప్రాణం తోకకొచ్చింది. శుక్రవారం ప్రార్థన కూడికలో పాస్టర్ గారు ఎవరికైనా ప్రేయర్ రిక్వెస్టులున్నాయా అని అడిగారు. ఒకరు కెనడాలో స్థిరపడే పీఆర్ రావాలని అడిగారు. ఒకరు డ్రైవింగ్ టెస్ట్ కోసం అడిగారు. ఎలియాజరు లేచి నిలబడ్డాడు.

"బ్రదర్స్ అండ్ సిస్టర్స్, ఒక నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. నా ముందు రెండు దారులున్నాయి. ఎటు వెళ్లాలో తెలియట్లేదు. నిద్ర కూడా పట్టట్లేదు. ప్రార్థన చేయండి."

అందరూ కళ్లు మూసుకుని మిగతావాళ్లకి చేసిన దానికి రెట్టింపు చేశారు. మార్తా అక్కడ లేదు, డ్యూటీలో ఉంది. ఆమె లేకపోవడాన్ని కూడా అందరూ గమనించారు.

మర్నాడు పొద్దున గ్లోరియా తలుపు కొట్టింది. చేతిలో పెద్ద గిన్నె. గిన్నెలో గోంగూర మాంసం. కళ్లలో నీళ్లు.

"ఏమీ దాచకు సిస్టర్," అంది గ్లోరియా, మార్తా చెయ్యి పట్టుకుని. "మా ఆయనకి జాబ్ పోయినప్పుడు మేమూ ఇలాగే ఎవరికీ చెప్పకుండా ఏడ్చాం."

"ఎవరికి పోయింది జాబ్?"

"పోలేదా? అయితే ఊరు మారి కాల్గరీ వెళ్లిపోతున్నారా?"

"ఎవరు?"

గ్లోరియా వెనకాముందూ చూసి గొంతు తగ్గించింది. "బ్రదర్ ముందు రెండు దారులున్నాయంట. నిద్ర పట్టట్లేదంట. మార్తా, ఇంకెవరైనా... మనసు గట్టి చేసుకో, నేనున్నా నీకు."

మార్తాకి అప్పుడు వెలిగింది.

"ఇరవై వాట్లదా, ఇరవై ఎనిమిది వాట్లదా అని, సిస్టర్."

"ఏంటది?"

"సోలార్ ఛార్జర్."

గ్లోరియా మొహంలో జాలి పోయి ఇంకేదో వచ్చింది. ఒకసారి మార్తా వంక, ఒకసారి గిన్నె వంక చూసింది. తెచ్చినది వెనక్కి పట్టుకుపోతే బాగుండదు కాబట్టి ఊరుకుంది. "గిన్నె మటుకు ఆదివారం తెచ్చెయ్," అని వెళ్లిపోయింది.

ఆలోచించండి! గోడ ప్లగ్గుతో తృప్తిపడే ఇంటికి గోంగూర మాంసం ఊరికే వస్తుందా?

మార్తా ఆ గిన్నె స్టవ్ మీద పెట్టి, ల్యాప్‌టాప్ ముందున్న భర్త దగ్గరికి వచ్చి నిలబడింది. కేకలేయలేదు. నర్సులు కేకలేయరు.

"ఇవాళ కొనకపోతే రేపు నేనే షాపుకెళ్లి ఏదో ఒకటి కొనేస్తా."

ఏదో ఒకటి! క్వాలిటీ డిపార్ట్‌మెంట్ మనిషిని ఇంతకన్నా పెద్ద మాట అనగలరా? ఎలియాజరు హుటాహుటిన ఇరవై ఎనిమిది వాట్లది ఆర్డర్ చేసి, మంచినీళ్లు తాగాడు.

జూన్ చివర్లో, బడికి సెలవులిచ్చిన మర్నాడే బయల్దేరారు. మార్తా డ్రైవ్ చేసింది. ఎలియాజరు పక్క సీట్లో కూర్చుని డాష్‌బోర్డ్ మీద నాలుగు రెక్కలూ విప్పి పరిచాడు. వెనక సీట్లో పదిహేనేళ్ల కూతురు జెస్లిన్, దిళ్ల మధ్య ఇరుక్కుని.

"కొంచెం పడమరకి తిప్పుతావా? ఎండ సరిగ్గా పడట్లేదు," అన్నాడు హైవే ఫోర్ ఓ వన్ మీద.

"హైవేని తిప్పమంటారా అండీ?"

"లేన్ మారితే చాలేమో..."

"డాడీ, కార్‌లో యూఎస్‌బీ ఉంది," అంది జెస్లిన్ వెనక నుంచి. "లైక్, రైట్ దేర్. యువర్ నీ ఈజ్ టచింగ్ ఇట్."

ఎలియాజరు మోకాలు పక్కకి జరిపాడు. "అది పెట్రోల్ కరెంటు, తల్లీ. దాంతో ఛార్జ్ చేస్తే ఇది కొన్నదెందుకు?"

"ఎగ్జాక్ట్లీ," అంది జెస్లిన్.

పార్క్ ఇంకా చాలా దూరం ఉందనగా సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. గేటు దాటేసరికి 'నో సర్వీస్'. జెస్లిన్ ఫోన్ చూపించింది. మార్తా పెదాల చివర ఏదో కదిలింది.

ఎలియాజరు చెక్కు చెదరలేదు. "సిగ్నల్ లేకపోతే ఏం? బ్యాటరీ ఉండాలిగా! తీరా సిగ్నల్ వచ్చినప్పుడు బ్యాటరీ లేకపోతే?"

దీనికి జవాబు చెప్పగల మేధావి మనలో ఎవరైనా ఉన్నారా?

వాళ్ల క్యాంప్‌సైట్ పైన పైన్ చెట్లు ఆకాశాన్ని పంచుకుని ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. నేల మీద అక్కడక్కడా రూపాయి బిళ్లంత ఎండ. ఎలియాజరు ఆ బిళ్లల వెంట పడ్డాడు. ప్యానెల్ ఒక చోట పెడితే ఎండ పక్కకి జరిగేది. ప్యానెల్ జరిపితే ఎండ ఇంకో పక్కకి పోయేది. టెంట్ మార్తా, జెస్లినే కట్టారు. మేకులు కొట్టే పని ఉన్నంతసేపూ ఆయన ప్యానెల్‌ని వీపుకి కట్టుకుని, సూర్యుడికి వీపు చూపిస్తూ, అడుగులో అడుగేస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. పక్క సైట్‌లోని పెద్దాయన ఒకరు ఆయన్ని పార్క్ ఉద్యోగి అనుకుని కట్టెలెక్కడ అమ్ముతారని అడిగాడు.

వ్యాయామానికి వేలకు వేలు పోసి జిమ్‌లో చేరేవాళ్లని చూస్తే జాలేస్తుంది!

సాయంత్రం తల్లీకూతుళ్లు కెనూ పడవ అద్దెకి తీసుకున్నారు. "రండి, ముగ్గురం పడతాం," అని పిలిచింది మార్తా.

"ఇది కాస్త అమర్చి వచ్చేస్తా. మీరు పదండి."

అమర్చాడు. ఎంత ఎక్కిందో చూడాలని ఫోన్ తెరిచాడు. ఒక శాతం ఎక్కింది. సంతోషం పట్టలేక మళ్లీ తెరిచాడు. మళ్లీ మళ్లీ తెరిచాడు. ఎక్కిన శాతం చూసుకోవడంలోనే ఖర్చయిపోయింది. నీళ్ల మధ్య నుంచి మార్తా చెయ్యి ఊపింది. ఆయనకు అది కనిపించింది కూడా. కానీ ఊపడానికి చెయ్యి ఖాళీగా లేదు, ఒక చేత్తో ప్యానెల్ ఎత్తి పట్టుకున్నాడు, రెండో చేతిలో ఫోనుంది.

కాసేపటికి ఆమె ఊపడం మానేసింది.

రెండోరోజు ఎలియాజరు కొత్త ఉత్సాహంతో లేచాడు. చెట్ల కింద ఉండి తప్పు చేశామనీ, ఎండంతా బీచ్‌లో ఉందనీ తేల్చాడు. సరస్సు ఒడ్డున ఇసకలో, ఏ నీడా పడని చోట ప్యానెల్ పరిచి, దాని అడుగు జేబులో ఫోన్ పెట్టి జిప్పు వేశాడు. పది అడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని చూశాడు. ఎంత అందం! మూడు నెలల తపస్సు ఫలించిందనిపించింది. మొహం కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లొచ్చాడు.

వచ్చేసరికి ప్యానెల్ మీద ఒక కుటుంబం దిగి ఉంది.

కెనడా పెద్దబాతులు. నల్లటి మెడలు, తెల్లటి బుగ్గలు. సగం ఎదిగిన పిల్లలు ఐదో ఆరో వెచ్చటి నల్లటి ప్యానెల్ మీద ఒకదాన్నొకటి ఆనుకుని హాయిగా కళ్లు మూసుకున్నాయి. తల్లి ఒక పక్క. తండ్రి బాతు మాత్రం ముందు నిలబడి, ఆస్తి కాగితాలు తన పేరునే ఉన్నట్టు, ఎలియాజరు వంక చూసింది.

"హుష్! పో! పొండి!" అన్నాడు ఎలియాజరు.

బాతుకి తెలుగు రాదు. ఆఫీసు గొంతు తెచ్చుకుని, "ఎక్స్‌క్యూజ్ మీ," అన్నాడు.

బాతు మెడ చాచి బుస్సుమంది.

ఒక అడుగు ముందుకేశాడు. అది రెక్కలు విప్పి మీదికొచ్చింది. ఎలియాజరు పరుగెత్తాడు. ఇసకలో పరుగెత్తాడు, పిక్నిక్ బల్ల చుట్టూ పరుగెత్తాడు, చివరికి దిక్కు తోచక చెప్పులతో సహా మోకాళ్ల లోతు నీళ్లలోకి పరుగెత్తాడు. బాతుల నుంచి తప్పించుకోవడానికి నీళ్లలోకి దూకిన మొదటి మనిషి బహుశా ఆయనే!

ఒడ్డున ఎవరో నవ్వుతున్నారు. పగలబడి, పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా. తిరిగి చూస్తే మార్తా. ఆ నవ్వు ఆయనకి ఎంతగా కొత్తయిపోయిందంటే, చూస్తేగానీ భార్యదని పోల్చుకోలేదు.

"డోంట్ టచ్ దెమ్, డాడీ!" అని అరిచింది జెస్లిన్. "ఇట్స్ ఇల్లీగల్!"

"నా ఫోన్ దాని కిందుంది!"

కట్టెల పెద్దాయన మడత కుర్చీలోంచి తల కూడా ఎత్తకుండా అన్నాడు. "దే లీవ్ వెన్ దే లీవ్, బడ్డీ."

చేసేదేముంది? ఎలియాజరు నీళ్లోడుతూ వచ్చి, బాతులకి మర్యాదైన దూరంలో ఇసక మీద కూర్చున్నాడు. మార్తా వచ్చి పక్కన కూర్చుంది. జెస్లిన్ ఈతకి పోయింది.

ఎలియాజరు చేతులు మోకాళ్ల మీద పెట్టాడు. తీసి ఇసకలో పెట్టాడు. మళ్లీ మోకాళ్ల మీద పెట్టాడు. ఇన్నాళ్లూ భయపడిన ఎమర్జెన్సీ ఇదే. వచ్చేసింది.

"పని ఎలా ఉంది?" అన్నాడు చివరికి, చుట్టంచూపుకొచ్చినవాడిలా.

మార్తాకి మళ్లీ నవ్వొచ్చింది. నీళ్ల వైపు చూస్తూ మెల్లగా చెప్పింది. "ఇప్పుడు పర్లేదు. మిసెస్ హారిసన్ పోయాక కొన్నాళ్లు వెళ్లబుద్ధి కాలేదు."

"ఎవరావిడ?"

"కిటికీ పక్క గదిలో ఉండేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు ఆవిడ కోసం. రోజూ పడుకునేముందు నాచేత తెలుగు పాట పాడించుకునేది. అర్థం కాకపోయినా సరే, పాడమనేది. మార్చిలో నా డ్యూటీలోనే పోయింది. చెయ్యి పట్టుకునే ఉన్నా."

"నాకు చెప్పలేదే!"

"ఆ పూటే మెసేజ్ పెట్టానండీ." ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "మీరు బొటనవేలు పెట్టారు."

మార్చి. ఆ నెలంతా మూడు రెక్కలవీ నాలుగు రెక్కలవీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాడు. ఆ మెసేజ్ ఎప్పుడొచ్చిందో, దాన్ని ఎక్కడిదాకా చదివి ఆపేశాడో గుర్తు తెచ్చుకుందామనుకున్నాడు. ఏమీ గుర్తురాలేదు. మొహం వేడెక్కింది, ఎండ వల్ల అనుకోవడానికి వీల్లేకుండా.

చెరిపేయడానికి లేదు. ఇంకోటి టైప్ చేయడానికీ లేదు.

"ఏ పాట పాడేదానివి?" అన్నాడు.

"సండే స్కూల్లోది. చిన్నప్పటిది."

"ఒకసారి పాడు."

"ఇక్కడా? అందరూ ఉన్నారు!"

"బాతులేగా."

మార్తా సన్నగా అందుకుంది. రెండో చరణంలో ఆమెకి మాటలు తప్పిపోతే ఎలియాజరు అందించాడు. ఆయనా అలాంటి సండే స్కూలుకే వెళ్లాడు మరి, వేరే ఊళ్లో. ప్యానెల్ మీద పిల్లలు మెడలు ముడుచుకుని పడుకున్నాయి. తండ్రి బాతు ఒక కాలు మీద నిలబడి, వింటున్నట్టే ఉంది. ఆ తర్వాత ఎలియాజరు కేర్ హోమ్ గురించి అడిగాడు. మార్తా చెప్పింది. జెస్లిన్ ఈత నుంచి వచ్చి, ఇద్దర్నీ చూసి, "ఆర్ యూ గైస్ ఓకే?" అని అడిగి, సాండ్‌విచ్ తీసుకుని పోయింది. ఎండ తిరిగిపోయింది, మబ్బు వచ్చింది, వెళ్లిపోయింది, ఎలియాజరు ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు.

పొద్దు వాలుతుండగా తల్లి బాతు ఏదో అంది. అందరూ లేచి వరసగా నీళ్లలోకి దిగిపోయారు. ప్యానెల్ మీద వాళ్లు వదిలిపెట్టి వెళ్లిన అద్దె గురించి వర్ణించకపోవడమే మర్యాద. ఎలియాజరు ఫోన్ బయటికి తీసి, ప్యానెల్‌ని సరస్సులో ముంచి తోమాడు. నీళ్లలో పడినా ఏమీ కాదన్న ప్రకటన అక్షరాలా నిజమని తేలింది! ఫోన్ తెరిస్తే, బాగా వేడెక్కిపోయిందనీ చల్లారేదాకా ముట్టుకోవద్దనీ చెప్పి మళ్లీ నల్లబడింది.

మూడోరోజు, ఆఖరి పూట. ఛార్జర్ తయారుచేసినవాళ్లు కలలో కనే ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇసక మీద ఒక్క బాతు లేదు. ఎలియాజరులోని క్వాలిటీ డిపార్ట్‌మెంట్ నిద్ర లేచింది. ఇంత మంచి ఎండలో ఒక్కసారైనా పరీక్షించకుండా వెళ్లిపోతే మూడు నెలల పనికి ఫలితం తెలియకుండా పోదూ? కనీసం టీ తాగేలోగా? ఇసక చదును చేశాడు. నాలుగు రెక్కలూ విప్పాడు. సూర్యుడి వైపు వాల్చాడు. ఫోన్ తేవడానికి టెంట్‌లోకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ప్యానెల్ మీద మార్తా కూర్చుని ఉంది.

నిండుగా, తాపీగా, కాళ్లు చాపుకుని. చేతిలో టీ కప్పు. పక్కన ఇసకలో ఇంకో కప్పు.

"మార్తా," అన్నాడు మెల్లగా, ఫోన్ పట్టుకుని. "అది..."

మార్తా మెడ తిప్పి ఆయన వంక చూసింది. బుస్సుమనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

పరుగెత్తడమా, ఆగడమా? రెండు దారులు. ఈసారి ఎవరి ప్రార్థనా అక్కర్లేకపోయింది. ఎలియాజరు ఫోన్‌ని చెప్పులో పెట్టి, చెప్పుని ఇసకలో వదిలేసి, వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. కింద ప్యానెల్ ఎక్కడో చిటుక్కుమంది. ఇద్దరూ వినిపించుకోలేదు.

"వెచ్చగా ఉంది కదండీ," అంది మార్తా, టీ అందిస్తూ.

అందుకే చెబుతున్నది, సోలార్ ఛార్జర్ వెంటనే కొనండి. వాట్లు ఎన్నున్నా ఫర్వాలేదు, స్టార్లు ఎన్నున్నా ఫర్వాలేదు. ఇద్దరు కూర్చోవడానికి చోటుందో లేదో అదొక్కటే చూసుకోండి. ఆ సంగతి మాత్రం ఒక్కడూ రివ్యూలో రాయడు!